డబ్బా పాల గొడవ: చట్టం ఉంది, పక్కన కూర్చునే మనిషే లేదు

సూర్యారావుపేటలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మా చిన్నమ్మ కూతురికి కాన్పైంది, ఆపరేషనే. తల్లి పాలే పడతామని ముందే చెప్పినా బిడ్డను రొమ్ముకు పట్టేసరికి పుట్టి ఏడు గంటలు గడిచాయి, ఆలోపే ఆసుపత్రి వాళ్ళు డబ్బా పాలు పట్టేశారు. దాంతో బంధువుల వాట్సాప్ గ్రూపులో పాత గొడవ మళ్ళీ రాజుకుంది. సగం మంది కంపెనీలను తిడుతున్నారు, పెద్దవాళ్ళేమో ఈ కాలం పిల్లలకు ఓపిక లేదంటున్నారు.

ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించిన కాలం సంగతి అందరికీ తెలుసు, వదిలేద్దాం. కంపెనీల సంగతంటారా, 1992లోనే చట్టం చేశారు, 1993 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది, 2003లో ఇంకా బిగించారు. పాలడబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు, ఆసుపత్రిలో పోస్టర్ పెట్టకూడదు, సిబ్బందికి కానుకలివ్వకూడదు, తప్పితే మూడేళ్ళ దాకా జైలు. బాగానే ఉంది. కానీ కుట్ల నొప్పితో అటూ ఇటూ తిరగలేని బాలింత పక్కన కూర్చుని బిడ్డకు రొమ్ము పట్టించాల్సింది ఎవరో అందులో లేదు.

నన్నడిగితే అసలు మలుపు ఆపరేషన్ కాన్పులు పెరగడమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం చూస్తే, అంతకుముందు 2015–16 సర్వేలో 78.9 శాతమున్న ఆసుపత్రి కాన్పులు 88.6 శాతానికి పెరిగాయి, పుట్టిన గంటలోపు తల్లి పాలు తాగిన బిడ్డలు మాత్రం 41.6 నుంచి 41.8 శాతానికి వచ్చి ఆగారు. అంటే ఆసుపత్రికి చేర్చాం, ఆ తర్వాత పట్టించుకోలేదు. ఆపరేషన్ అయిన తల్లికి పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడొచ్చు, బిడ్డ చీకేకొద్దీ ఊరతాయి, ఈలోపు డబ్బాతో కడుపు నింపితే ఇంకెక్కడ చీకుతుంది?

పక్కనుండి పాలు పట్టించాలన్నది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లోనే పది సూత్రాలు రాశాయి: పాలివ్వడం తల్లికి దగ్గరుండి చూపించాలి, తల్లీబిడ్డల్ని రాత్రీపగలూ ఒకే గదిలో ఉంచాలి, వైద్య అవసరం ఉంటే తప్ప వేరే పాలు పట్టకూడదు. 2016లో కేంద్రం తల్లి పాలను ప్రోత్సహించడానికి 'మా' (MAA) అనే కార్యక్రమం పెట్టి ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు శిక్షణ అంది. ప్రైవేటు వార్డులో రాత్రి డ్యూటీ నర్సు దాకా అది వచ్చినట్టు నాకైతే కనపడలేదు.

ఆసుపత్రి వాళ్ళ మాట, బిడ్డకు షుగర్ పడిపోతే ఎవరిది బాధ్యత అని. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, తల్లికి షుగరున్నా ఆ భయం నిజమే. మా బిడ్డ మూడు కిలోలు, నెలలు నిండాయి, తల్లికి షుగర్ లేదు. పోనీ పరీక్ష చేశారా అంటే, మాకు చూపించిన ఫైల్లో ఆ కాగితం లేదు. మూడో రోజు రాత్రి ఒక ఆయా వచ్చి, వీపు వెనక దిండు పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి బిడ్డకు పట్టించింది, పావుగంట పని.

ఫైలు జిరాక్సు అడిగాం. సోమవారం రమ్మన్నారు.