గుట్టను కోస్తే ముందు నీటికి దారి చూపాలి

హైదరాబాద్‌లో రోడ్డు కోసమో సెల్లార్ కోసమో గుట్టను కోసిన చోట ఎండాకాలంలో మొరం ఐదారు మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. చూసినవాళ్లు గట్టి నేలే కదా అనుకుంటారు. నిజానికి రేణువుల మధ్య మిగిలిన కాస్త తేమే వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. వానలు పడి ఆ ఖాళీలు నీళ్లతో నిండాయా, ఆ పట్టు పోతుంది. అంచుకు సమాంతరంగా పైన నెర్రె పడుతుంది. అందులోకి నీళ్లు దిగితే మట్టి ఒక్కసారిగా జారుతుంది. 2020 అక్టోబరు వానల్లో బండ్లగూడలో గోడ కూలి ప్రాణాలు పోయాయి.

గోడ కట్టేస్తే సరిపోదా? లెక్క వేద్దాం. ఐదు మీటర్ల గోడను వెనకున్న మొరం మీటరు పొడవుకు సుమారు ఏడున్నర టన్నుల బలంతో తోస్తుంది. వెనక పైదాకా నీళ్లు నిలిస్తే అది 16 టన్నులు దాటుతుంది, అందులో పన్నెండున్నర టన్నులు ఒట్టి నీళ్లవే! (నీళ్లలో మునిగిన మొరం తోపు కొంత తగ్గుతుంది.) అందుకే గోడ మందం పెంచడం కన్నా నీళ్లు పోయే దారి ముఖ్యం. గోడలో 75 నుంచి 100 మిల్లీమీటర్ల పైపులు, బయటికి వాలుగా, ఒకటిన్నర మీటరుకొకటి పెట్టాలి. వాటి వెనక 300 మిల్లీమీటర్ల మందాన కంకర, మట్టికీ కంకరకీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ ఉండాలి. చాలాచోట్ల పైపులు పెడతారు గానీ వెనక నేరుగా మొరం, కూల్చిన ఇటుక ముక్కలు పోసేస్తారు. త్వరలోనే పైపులు పూడిపోతాయి. ప్లాస్టరింగ్‌లో పైపు మూతులు మూసేసిన గోడలూ కనిపిస్తాయి. గట్టు పైన సిమెంటు కాలువ తప్పనిసరి. కారే సంపు, సెప్టిక్ ట్యాంకు అంచు దగ్గర ఉంటే వాన లేకుండానే ప్రమాదం.

గోడకు చోటు లేకపోతే సాయిల్ నెయిలింగ్, అంటే గట్టులోకి మేకుల్లా ఇనుప కడ్డీలు దించి మట్టిని పట్టి ఉంచడం. ఇక్కడ వరస తప్పితే పని చెడుతుంది. పై నుంచి కిందికి, ఒక్కోసారి మీటరున్నర లోతే తవ్వాలి. ఆ మేరకు 100 మిల్లీమీటర్ల రంధ్రం 10–15 డిగ్రీలు కిందికి వంచి వేసి, 25 మిల్లీమీటర్ల కడ్డీని రంధ్రం మధ్యలో ఉండేలా దించాలి. బస్తా సిమెంటుకు 20–25 లీటర్ల నీళ్లతో గ్రౌటు (సిమెంటు పాలు) కలిపి, సన్న పైపుతో రంధ్రం అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. మూతి దగ్గర పోస్తే లోపల గాలి చిక్కుకుని కడ్డీ సులువుగా ఊడొస్తుంది. ఆపైన ఇనుప మెష్, 100 మిల్లీమీటర్ల షాట్‌క్రీట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు), దాని వెనక నీళ్లు దిగిపోయే పట్టీలు. ఇది గట్టిపడ్డాకే కింది మీటరున్నర తవ్వాలి. జేసీబీ అద్దె కలిసొస్తుందని ఒకేసారి అడుగుదాకా తవ్వేసి, తర్వాత మేకులు దించుదామనుకోవడం ప్రాణాలతో చెలగాటం.

మన గ్రానైట్ శిథిలమై మొరంగా మారినప్పుడు గట్టి భాగాలు గుండ్లుగా అందులోనే మిగిలాయి. గుండు కింద మొరం గీకకూడదు. ఖాళీ ఉంటే కాంక్రీటుతో నింపాలి, లేదా గుండును రాక్ బోల్టులతో (రాతిలోకి దించే ఉక్కు కడ్డీలతో) కింది బండకు బిగించాలి. వట్టివేరు నాటితే పైమట్టి కొట్టుకుపోదు, మంచిదే. లోతుగా జారే గట్టును మాత్రం అది ఆపలేదు.

వానలో గోడ పైపుల్ని గమనించండి. తేటనీరు వస్తే దారి పనిచేస్తోంది. బురదనీరు వస్తే వెనక మట్టి ఖాళీ అవుతోంది. జోరువానలోనూ చుక్క రాకపోతే పైపులు పూడి, వెనక నీళ్లు నిలుస్తున్నాయేమోనని అనుమానించాలి. గోడ ఉబ్బినా, పైన కొత్త నెర్రె కనిపించినా ముందు కింది ఇళ్లూ గుడిసెలూ ఖాళీ చేయించి, రోడ్డు మూసి, ఆ తర్వాతే ఇంజినీరును పిలవండి.