గుర్రం కడుపులో ఇంకో మంద

తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవకు ముందు ఏనుగులు, వృషభాలతో పాటు గుర్రాలు కూడా నడుస్తాయి. గుర్రాన్ని దగ్గరగా చూస్తే చేతిలోని అరటిపండో, బెల్లం ముక్కో పెట్టాలనిపిస్తుంది. ఒక్క పండుతో ఏమీ కాదు. వందమంది తలా ఒకటి పెడితేనే నాకు భయం.

మన చిత్తూరు పల్లెల్లో ఆవు నెమరు వేయడం చూడనివాళ్లు ఉండరు. ఆవు మేసిన గడ్డి ముందు పెద్దపొట్టలో సూక్ష్మజీవుల మధ్య నాని, తర్వాతే చిన్నపేగుకు చేరుతుంది. గుర్రంలో ఈ వరస తలకిందులు. నెమరు లేదు. జీర్ణాశయం చిన్నది, 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. గడ్డిని అరిగించే అసలు పనంతా చిన్నపేగు దాటాక అంధనాళంలో (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి), పెద్దపేగులో జరుగుతుంది. అంధనాళం ఒక్కటే సుమారు 30 లీటర్ల తొట్టి. గడ్డిలోని పీచును అరిగించే ఎంజైములు గుర్రానికి సొంతంగా లేవు. అక్కడున్న కోటానుకోట్ల బ్యాక్టీరియా, ప్రోటోజోవా, ఫంగస్‌లే దాన్ని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. గడ్డి మీదే బతికే గుర్రానికి సగానికి పైగా శక్తి వీటినుంచే వస్తుంది. గుర్రప్పిల్ల తల్లి లద్దె తింటుంటే అసహ్యపడి ఆపకండి. ఈ జీవులు దాని కడుపులోకి చేరే దారుల్లో అదొకటి.

ఉలవలు, మొక్కజొన్నల దాణా మితంగా పెడితే చాలావరకు చిన్నపేగులోనే అరుగుతుంది. ఒకేసారి ఎక్కువైతే మిగిలిన పిండిపదార్థం అరక్కుండానే అంధనాళంలోకి, పెద్దపేగులోకి జారుతుంది. అప్పుడు లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. ఆ పులుపుకు పీచును అరిగించేవి చచ్చిపోతాయి, చచ్చినవాటి గోడల్లోని విషాలు రక్తంలో కలుస్తాయి. గ్యాస్ పట్టి శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. గిట్టల లోపలి పొర వాచి, గుర్రం అడుగు వేయలేక అల్లాడిపోవచ్చు. పేగులో మొదలైన జబ్బు కాళ్లలో బయటపడుతుందన్నమాట.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. నిజానికి తక్కువ కాకూడనిది గడ్డి. 400 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 6 కిలోల ఎండుమేత కావాలి. మేత మార్చాలంటే వారం, పది రోజులు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తోలేవాళ్లు పనెక్కువని ఆ పూట దాణా రెట్టింపు చేయొద్దు.

లద్దె ఆగినా, గుర్రం పదేపదే డొక్క వైపు చూసుకున్నా, నేల గీరినా, పొర్లినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది.