అవతల రేటెక్కువ అని ట్రాలీ ఎక్కించే ముందు: వడ్ల అమ్మకం మీద అపోహలు, వాస్తవాలు

కోతలు మొదలైనయంటే నా ఫోన్‌కి పొద్దున ఆరింటి నుంచే తీరిక ఉండదు. అవతలి వైపు నుంచి, అంటే ఆంధ్రలో జగ్గయ్యపేట, నందిగామ దిక్కు నుంచి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే మాట. "అన్నా, మిర్యాలగూడెంలో ఇరవై నాలుగొందలంటగా, ఇక్కడ పదహారొందలే అంటున్నాడు, లోడ్ ఎత్తించమంటావా?" ఇక్కడ తెలంగాణోళ్లు కూడా తక్కువ తినలేదు, ఆంధ్రలో ఇంతంట, రైచూర్‌లో అంతంట అని వాట్సప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ నాకే పంపుతరు. నేను తొమ్మిదేళ్లు మిల్లులో గుమాస్తాగా చేసిన, తర్వాత కోదాడ దిక్కు వడ్ల కమీషన్ పెట్టుకున్న, నాలుగెకరాలు సొంత వరి కూడా ఉంది. దళారి మాట ఎవడు నమ్ముతడంటరా, నమ్మకండి, లెక్క మీరే వేసుకోండి, అందుకే రాస్తున్న.

అపోహ: బోర్డర్ అవతల రేటెక్కువ, దాటిస్తే లాభమే

అన్నిట్లోకి ఎక్కువ మునిగేది దీంతోనే.

ఫస్టు ఆ పదహారొందలు దేనికి, ఆ ఇరవై నాలుగొందలు దేనికి? కృష్ణా, గోదావరి దిక్కు రేటు చెప్పేది 75 కిలోల బస్తాకి. మిర్యాలగూడలో చెప్పేది క్వింటాకి. మా సర్కారు కొనుగోలు సెంటర్లల్ల నింపేది 40 కిలోల గన్నీ సంచి. 75 కిలోలకి 1,600 అంటే క్వింటాకి 2,133 పడ్డట్టు. మీరు ఎనిమిదొందలు తేడా అనుకుంటున్నది నిజానికి రెండొందల అరవై ఏడు. ఈ ఒక్క ముక్క చెప్తే సగం మంది ఫోన్ పెట్టేస్తరు.

రెండోది మాయిశ్చర్, అంటే గింజల తేమ. మా దగ్గర మ్యాచర్ అంటరు, ఏదైనా ఒకటే. మద్దతు ధర 17 శాతం తేమకి, 2025-26లో గ్రేడ్-ఎ 2,389, కామన్ రకం 2,369. మిల్లోడు చెప్పే రేటేమో కోత మిషన్ నుంచి ట్రాలీలో పడ్డ పచ్చి వడ్లకి. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి "మద్దతు ధర కంటే మూడొందలు కోసిండు" అని తిట్టుకుంట కూసుంటే ఎట్ల? 24 శాతం తేమ ఉన్న నూరు క్వింటాళ్లని 17కి ఎండబెడితే మిగిలేది సుమారు తొంభై ఒకటిన్నర క్వింటాళ్లు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు ఎండకే పోయినయ్. దొడ్డు (లావు గింజ) రకానికి పచ్చిగా 2,100 వచ్చిందనుకోండి, నూరు క్వింటాళ్లకి 2,10,000. అవే ఎండబెట్టి సెంటర్లో 2,389కి ఇస్తే 2,18,600 దగ్గర. తేడా ఎనిమిది వేల ఆరొందలు. అండ్లకెల్లి పట్టాల కిరాయి, తిరగేసే కూలీలు, వారమో పది రోజులో కల్లం కాడ కావలి తీసెయ్యండి, ఒక్క వాన పడితే ఆ లెక్క కూడా ఉండదు. మిల్లోడు దేవుడని చెప్తలేను, తేమ మీద రెండు పాయింట్లు ఎక్కువ చూపించెటోళ్లని గుమాస్తాగా ఉన్నప్పుడు నా కండ్లతో చూసిన. అందుకే మిల్లు గేటు కాడికి పోకముందే మీ ఊళ్లనే మాయిశ్చర్ మిషన్ మీద చూసుకొని బయల్దేరండి అంట.

మూడోది తొవ్వ ఖర్చు. పోయినేడు అవతల నుంచి ఒక పిల్లగాడు, ఇరవై ఐదేళ్లుంటయ్, నాన్న పోయినంక మొదటిసారి సొంతంగా అమ్ముకుంటున్నడు. ఊళ్లో వ్యాపారి కల్లం కాడికి వచ్చి, తన బండిలో ఎత్తుకొని బస్తాకి 1,600 ఇస్త అన్నడు. మిర్యాలగూడలో 2,300 అని విని 60 క్వింటాళ్లు ట్రాలీ ఎక్కించిండు. పది వేలు మిగులుతయని వాళ్లమ్మకి చెప్పి వచ్చిండంట. కిరాయి 4,500. చెక్‌పోస్టు కాడ ఒక రాత్రి, మిల్లు గేటు బయట లైన్లో ఒక రాత్రి, బండి నిలిపినందుకు రోజుకి 1,500 హాల్టింగ్. రెండోరోజు పొద్దున నన్ను పిలిస్తే పోయి ట్రాలీలో మోచేతి దాకా చెయ్యి పెట్టిన. అన్నం గిన్నెలో పెట్టినట్టు వేడి, పులిసిన వాసన, గుప్పెడు తీసి నలిపితే గింజ పసుపు పచ్చగా తిరుగుతున్నది. పచ్చి వడ్లు పట్టా కప్పి రెండు రాత్రులు నిలబెడితే ఉడుకుతయ్, రంగు మారుతయ్, అది మిల్లోడికి మనకంటే ముందే తెలుసు. 2,180 అన్నడు. ఆ పిల్లగాడు ఇంక ఎటు పోతడు, వెనక్కి తీసుకపోతే ఇంకో కిరాయి. లెక్క చూడండి: కిరాయి 4,500, హాల్టింగ్ 3,000, రేటు కోత 7,200, మొత్తం 14,700. మిగులుతయనుకున్నయి పది వేలు. ఇంటి కాడ ఇచ్చేసి ఉంటే నాలుగు వేల ఏడొందలు నయంగ ఉండు. ఛాయ్ తాగుదాం రా అంటే కూడా రాలే, ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి అట్లనే నిలబడ్డడు.

దాటించద్దు అంటలేను. నేనే ఎన్నో లోడ్లు పెట్టిచ్చిన. సన్నాలు మంచిగ ఉండి, మిల్లోడు ముందే ఒప్పుకొని, అదే రోజు దిగుతదన్న నమ్మకం ఉంటే వెళ్లండి. గద్వాల, నారాయణపేట రైతులు రైచూర్ మార్కెట్‌కి పోతరు, వాళ్లకి అది దగ్గర, అలవాటైన తొవ్వ. మాట అదీ, తొవ్వ తెలవాలె, దించుకునెటోడు తెలవాలె.

అపోహ: వేరే రాష్ట్రం వడ్లు తేవడమే నేరం, పోలీసులు కేసు పెడతరు

సీజన్‌లో రామాపురం క్రాస్‌రోడ్డు, వాడపల్లి బోర్డర్ చెక్‌పోస్టుల కాడ బండ్లు ఆపుతరు, నిజమే. ఆపేది ఎందుకంటే ఇక్కడి సర్కారు సెంటర్లలో బయటి వడ్లు పడకుండా. తెలంగాణల 2024 వానాకాలం నుంచి సన్నాలకి క్వింటాకి 500 బోనస్ పెట్టిన కాడి నుంచి ఇది ఇంకా గట్టిగైంది. అంతేగాని రైతు తన వడ్లని ప్రైవేటు మిల్లుకి అమ్ముకోవడం నేరం కాదు. వడ్లు, బియ్యం రవాణాకి పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2002లోనే ఆర్డర్ ఇచ్చింది, రాజ్యాంగం 301 అధికరణ కూడా దేశం లోపల వ్యాపారానికి స్వేచ్ఛ ఇచ్చింది. కొంతమంది "2020 వ్యవసాయ చట్టం ఉంది కదా" అని వాదిస్తరు, ఆ చట్టం 2021 చివర్లోనే రద్దయింది బాబూ, దాని పేరు చెప్పి చెక్‌పోస్టు కాడ గొడవ పెట్టుకోకండి. పెద్దోళ్లు ఇంకా "లెవీ" అని భయపడతరు, మిల్లుల కాడ సర్కారు తప్పనిసరిగా బియ్యం తీసుకునే ఆ లెవీ కూడా 2015లోనే పోయింది. చేతిల ఈ-క్రాప్ (పంట నమోదు) కాపీ, పాస్‌బుక్ జిరాక్స్, ఏ మిల్లుకి పోతున్నయో ఆ మిల్లు చీటీ పెట్టుకోండి. అన్నీ ఉన్నా రాత్రంతా ఆపెటోళ్లు ఉంటరు, దానికి నా దగ్గర మందు లేదు. అందుకే ఎండిన లోడ్ అయితేనే అటు తిప్పమంట, పచ్చి లోడ్ వద్దంట.

అపోహ: ఇవతల చుట్టం పాస్‌బుక్ మీద సెంటర్లో వేస్తే బోనస్ కూడా వస్తది

ఇది మాత్రం తప్పే, దొరికితే కేసు. దొరకకపోయినా మునుగుతరు. డబ్బులు పడేది పాస్‌బుక్ ఎవరిదో వాళ్ల ఖాతాలో. నాకు తెలిసిన ఒకాయన బావమరిది పేరు మీద వడ్లు వేసిండు, పైసలు పడ్డ రోజే బ్యాంకు వాళ్లు బావమరిది పంట లోన్ బాకీకి పట్టేసుకున్నరు. అవి నా వడ్లు అని ఆయన ఎవరికి చెప్పుకుంటడు? ఇంటికి పోయి అడిగితే "నేనేం చేయను బావా, బ్యాంకోడు కోసుకున్నడు" అన్నడంట. సంక్రాంతికి పిలుపుల్లేవు.

మిగతావి గబగబా

పేర్లో సన్నాలని ఉన్నంత మాత్రాన బోనస్ రాదు. ఎంటీయూ-1010 అనే రకాన్ని కాటన్‌దొర సన్నాలు అంటరు గానీ సెంటర్లో అది దొడ్డు కిందనే. గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 లోపు ఉండాలె, కొలిచి చూస్తరు. బీపీటీ, ఆర్‌ఎన్‌ఆర్ లాంటి సన్న రకాలైతే ఫికర్ లేదు.

బియ్యం ఎక్స్‌పోర్ట్ తెరిస్తే తెల్లారే రేటు పెరగదు. 2023 జులైలో ఆపింది బాస్మతి కాని తెల్ల బియ్యం, బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యాన్ని ఆపలేదు, సుంకమే వేసిన్రు. 2024 సెప్టెంబర్ చివర్లో తెరిచిన్రు. కాకినాడ పోర్టుకి ఎక్కువ పోయేది 1010 లాంటి దొడ్డు రకాలు. మీ ఇంట్లో బీపీటీ పెట్టుకొని కాకినాడ ఓడ కోసం ఎదురుచూస్తే ఎలకలు తింటయ్.

మార్కెట్ ఫీజు కట్టాల్సింది కొన్నోడు. చీటీలో మీ లెక్కలకెల్లి కోస్తే అక్కడే అడగండి, సిగ్గు పడకండి.

తరుగు, అంటే తూకంలో కోసుకునేది, దాని సంగతి అడగనే వద్దు. 40 కిలోల బస్తాకి కిలోన్నర ఎక్కువ తూసిన్రంటే క్వింటాకి తొంభై రూపాయలు పోయినట్టే, అంటే 2,389 కాస్తా 2,300 అయింది, ఎవరూ రేటు తగ్గించకుండనే. తాలు ఉందని తూర్పార పట్టిచ్చి, మళ్లీ తాలు పేరు మీదే తరుగు తీస్తరు. కాంటా కాడ మీరు గాని మీ ఇంటోళ్లు గాని నిలబడండి, హమాలీ ఛాయ్‌కి పోయినప్పుడు కూడా.

నాకు ఫోన్ చేసేటప్పుడు రకం ఏంది, మాయిశ్చర్ ఎంత, మీ ఊళ్లో చెప్పిన రేటు బస్తాకా క్వింటాకా, ఈ మూడు చెప్పండి. "ఎంతుందన్నా రేటు" అని ఒక్క ముక్క అడిగితే నేను ఏం చెప్పినా అబద్ధమే అయితది.