బడి యాజమాన్య కమిటీ (ఎస్ఎంసీ) చైర్మన్ చేతికి సంతకం ఒక్కటే ఎలా మిగిలింది?

ఊరి బడి మీద తల్లిదండ్రులకి అజమాయిషీ ఉండాలన్న మాట మన దగ్గర చట్టమైంది 1998లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసమని చట్టం తెచ్చి, విద్యా కమిటీలు పెట్టారు. అదే టైంలో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) డబ్బులతో తరగతి గదులు కడుతున్నారు, ఆ పనులు కమిటీల చేతికే వచ్చాయి. ఆలోచన మంచిదే. కాకపోతే కమిటీ అంటే సిమెంటు, ఇసుక, బిల్లులు అన్న అలవాటు అప్పుడే పడిపోయింది, చైర్మన్ పదవి కోసం ఊళ్లో పార్టీలు కొట్టుకోవడం కూడా అక్కణ్ణుంచే (పిల్లల చదువు కోసం కొట్టుకున్నారంటే నేనైతే నమ్మను).

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఈ కమిటీయే ఎస్ఎంసీ అయింది. సభ్యుల్లో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. అసలు విషయం 22వ సెక్షన్‌లో ఉంది: బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కమిటీయే. అంటే ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, ఎంతమంది టీచర్లు కావాలి, గదులకి, మరుగుదొడ్లకి ఎంత ఖర్చవుతుంది, ఇదంతా లెక్కగట్టాలి. ప్రైమరీ బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61వ పిల్ల చేరిందంటే మూడో టీచర్ రావాలని చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఈ ఒక్క లెక్క తెలిసిన తల్లి ఎంఈఓని (మండల విద్యాధికారిని) అడిగే తీరే వేరుగా ఉంటుంది. కానీ ఆ లెక్క ఆమెకి కూర్చోబెట్టి చెప్పేదెవరు? శిక్షణ పేరుతో సర్క్యులర్ చదివేసి, టీ ఇచ్చి పంపించేస్తే ప్రణాళిక హెచ్ఎంగారే రాసుకుంటారు, చైర్మన్ సంతకం పెడతారు.

తర్వాత పేర్లు మారాయి. ఆంధ్రాలో 2019లో తల్లిదండ్రుల కమిటీలన్నారు, బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బడుల పనులు వాటికే అప్పజెప్పారు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల వాళ్లతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మళ్లీ రిపేర్లే. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రాలో కొత్తగా ఎస్ఎంసీ ఎన్నికలు పెట్టారు. పదవీకాలం రెండేళ్లు, మధ్యలో పిల్లాడు బడి మారితే సభ్యత్వం పోతుంది, కాబట్టి ఎన్నికైన మొదటి నెలలోనే హాజరు, గ్రాంటు ఖాతా, టీచర్ల పోస్టుల లెక్క చదవడం నేర్పాలి, అదీ సొంత బడి రిజిస్టర్లు ముందు పెట్టి.