నియంగిరి నెత్తిన ఏముంది?

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల నడుమ ఉన్న నియంగిరి కొండల్లో ఎవరైనా జబ్బుపడి లేవలేకపోతే కబురు వెళ్లేది ఇద్దరికి. మూలికల గుణం, మంచిచెడు ఘడియలు తెలిసిన దిసారి ఒకరు, దేవతలతో మాట్లాడగలదని ఊరు నమ్మే బేజుని మరొకరు. బేజుని స్త్రీ. చేటలో బియ్యం పోసుకుని, గింజలను అరచేత్తో రాస్తూ, లయ తప్పకుండా మంత్రం చదువుతూ, ఏ దేవతకు ఎందుకు కోపం వచ్చిందో వెతుకుతుంది. ఈ కొండల్లో ఉండేవారు డొంగ్రియా కోదులు అనే ఆదివాసులు. వీరు మాట్లాడే కువి భాష ద్రావిడ భాషల్లో తెలుగు చేరిన శాఖకే చెందుతుంది. దిసారి అనే మాట మన విశాఖ మన్యంలోనూ వినిపించేదే.

ఈ వైద్యంలో జబ్బుకు కారణం ఒంట్లోనే ఉండనక్కరలేదు, మనిషి తప్పిన కట్టుబాటులోనూ ఉండవచ్చు. ఆ కట్టుబాట్లు పెట్టినవాడు కొండ మీద కొలువైన నియం రాజా కనుక, శిఖరాల మీది అడవిని నరకకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం. దిసారికి కావలసిన వేర్లు, బెరళ్లు దొరికేదీ ఈ కొండల అడవిలోనే. అంటే దేవుడి గద్దె, మందుల కొట్టు ఒకే చోట ఉన్నాయి. మలేరియా తీవ్రంగా ఉండే ఆ ప్రాంతంలో రక్తపరీక్ష, మాత్రలు చేసే పని చేటలో బియ్యం చేయలేదన్నది నిజమే. అయితే ఇక్కడి ప్రశ్న మందు గొప్పతనం గురించి కాదు, ఆ శిఖరం గురించి.

శిఖరం మీద ఉన్నది బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం; దాని కోసమే ఆ శిఖరాన్ని తవ్వాలనుకున్నారు. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఖోండలైట్ అనే శిలకు భూగర్భ శాస్త్రవేత్త వాకర్ 1902లో ఈ ఖోండుల, అంటే కోదుల, పేరే పెట్టాడు. ఎండ, వాన లక్షల ఏళ్లపాటు ఆ శిలను నానబెట్టి, కడిగి, అందులోని సిలికాను కరిగించి తీసుకుపోగా మిగిలిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొరే బాక్సైట్. ముక్కను చేతిలోకి తీసుకుంటే ఎర్రగా, గరుకుగా, సన్నని బెజ్జాలతో ఉంటుంది. పైన నీళ్లు పోస్తే పీల్చుకుంటుంది. వర్షాకాలంలో శిఖరం చేసే పనీ ఇదే. పై పొరలోకి ఇంకిన నీరు కింది బంకమట్టి పొర దగ్గర ఆగి, అంచుల వెంబడి ఊటలుగా బయటపడి, వానలు వెనకబడ్డాక కూడా వాగులను పారిస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు నీరిచ్చే వంశధార, నాగావళి నదులు ఈ ప్రాంతంలోనే పుట్టి, ఇక్కడి వాగులను కలుపుకుంటాయి. తవ్వకం వల్ల రాయి బీటలువారి నీరు మరింత ఇంకుతుందనే సాంకేతిక వాదన కూడా వచ్చింది; నీటిని పట్టి ఉంచే పొరనే తీసేశాక ఆ వాదన నిలబడుతుందని నాకు అనిపించదు.

బేజునికి భూగర్భ జల శాస్త్రం ముందే తెలుసని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆమె చెప్పే కారణం వేరు, శాస్త్రం చెప్పే కారణం వేరు. ఫలితం మాత్రం ఒక్కటే: చెట్టు నిలిచింది, ఊట నిలిచింది.

చివరకు తీర్పు తిరిగింది నీటి లెక్కల మీద కాదు. ఈ శిఖరం మీద తవ్వకానికి ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, కొండ దిగువన లాంజిగఢ్‌లో శుద్ధి కర్మాగారం కట్టిన వేదాంత కంపెనీ పూనుకోగా, కేంద్ర పర్యావరణ శాఖ 2010 ఆగస్టులో అటవీ అనుమతి నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని, రాజ్యాంగం ఇచ్చిన మత స్వేచ్ఛను కలిపి చదివి, నియం రాజాను కొలిచే హక్కుకు ఈ తవ్వకం భంగమా కాదా అన్నది గ్రామసభలే తేల్చాలంది. జిల్లా న్యాయాధికారి సమక్షంలో, రాయగడలో 7 ఊళ్లు, కలహండిలో 5 ఊళ్లు జూలై, ఆగస్టు నెలల్లో సమావేశమయ్యాయి. పన్నెండూ వద్దన్నాయి. ఖనిజాన్ని టన్నుల్లో కొలిచిన కాగితాల పక్కన, మా దేవుడు అక్కడున్నాడన్న మాట కూడా సాక్ష్యంగా నమోదయింది. దేశంలో ఇది అరుదుగా జరిగే సంగతి. 2014 జనవరిలో కేంద్రం ప్రాజెక్టును తిరస్కరించింది.

కర్మాగారం మాత్రం బయటినుంచి తెచ్చుకున్న ఖనిజంతో నడుస్తూనే ఉంది. దానికి చేరువలోని సిజిమాలి బాక్సైట్ నిక్షేపం 2023లో వేలంలో వేదాంతకే దక్కగా, అక్కడి ఊళ్లు కూడా అభ్యంతరం చెబుతున్నాయి. ఆ కొండ మీద వారు కొలిచే దేవుడి పేరు తీజ్ రాజా.