పద్దుల పుస్తకంలో లకోటాల చరిత్ర

గీతలు కొట్టిన పాత కాగితం. దాని మీద కుడి నుంచి ఎడమకు దూసుకుపోతున్న గుర్రం, వెనక వరుసగా అర్ధచంద్రాకారపు డెక్కల గుర్తులు. 'లెడ్జర్ ఆర్ట్' (పద్దుల పుస్తకాల్లో వేసిన బొమ్మలు) పేరుతో ఇలాంటి కాగితాలు వేలంపాటల్లో ఒక్కొక్కటిగా అమ్ముడవుతుంటాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక పుస్తకం నుంచి విడదీసినవే. గోడకు బొమ్మ కావాలనుకునేవారికి ఇందులో తప్పేమీ కనిపించకపోవచ్చు. కానీ అది లకోటాల వంటి ఒక అమెరికా ఆదివాసీ జాతి తన చరిత్రను రాసుకున్న పుస్తకం. నడుమ పుటలు పోతే ఆ కథ తెగిపోతుంది.

'రాసుకున్న' అనే మాట తెలిసే వాడుతున్నాను. లకోటా భాషలో రాతకూ బొమ్మకూ పుస్తకానికీ కలిపి 'వొవాపి' అన్న ఒకే మాట ఉంది. మన పాత తెలుగులోనూ చిత్తరువును 'వ్రాసేవారు' కదా. కాగితం రాకముందు లకోటాలు అడవిదున్న తోలు మీద రాసేవారు. ఒక చలికాలం నుంచి మరో చలికాలం దాకా వాళ్లకు ఏడాది. ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోవడానికి పెద్దలు కూర్చుని ఒక సంఘటనను ఎంచేవారు, దానికొక బొమ్మ వేసేవారు. ఇదే 'వనియెతు వొవాపి', అంటే చలికాలాల లెక్క. 1833 నవంబరులో ఆకాశం నుంచి ఉల్కలు వర్షంలా కురిశాయి. 'చుక్కలు రాలిన ఏడాది' దాదాపు ప్రతి లెక్కలోనూ ఉంది. వేర్వేరు లెక్కల్లోని ఏళ్లను సరిపోల్చుకోవడానికి చరిత్రకారులకు ఈ బొమ్మే ఆధారమైంది.

యోధుల పరాక్రమాలకు వేరే బొమ్మలు ఉండేవి. తల మీంచి ఒక సన్నని గీత, దాని చివర చిన్న గుర్తు ఉంటే అది ఆ మనిషి పేరు. డెక్కల గుర్తులు చూస్తే ఎటు నుంచి వచ్చారో తెలుస్తుంది. తోటివాళ్ల ఎదుట చెప్పి ఒప్పించుకోగలిగిన పనినే గీయాలి. చేయనిది గీస్తే పరువు దక్కదు.

1880ల తొలినాళ్లకు మైదానాల్లో అడవిదున్నలను దాదాపు తుడిచిపెట్టేశారు. తోలు కరువైంది. వర్తకుల దగ్గర, సైనిక శిబిరాల్లో దొరికిన లెక్కల పుస్తకాలు ఆ చోటు తీసుకున్నాయి. లెడ్జర్ ఆర్ట్ అనగానే చాలామంది ఫ్లోరిడాలోని ఫోర్ట్ మేరియన్‌లో 1875-78 మధ్య బందీలుగా ఉన్నవారి బొమ్మలనే తలుస్తారు. వాళ్లు షయెన్, కైయొవా తదితర దక్షిణ మైదానాల తెగలవారు. లకోటాల కథ వేరు.

1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటాలు, వాళ్ల మిత్ర తెగలతో జరిగిన పోరులో అమెరికా సైన్యాధికారి కస్టర్ వెంట ఉన్న దళంలో ఒక్క సైనికుడూ మిగల్లేదు. ఆ పోరులో ఉన్న రెడ్ హార్స్ (లకోటాల్లో మినికొంజు శాఖవాడు) 1881లో ఒక సైనిక వైద్యుడు అడిగితే 42 బొమ్మలు వేశాడు. గెలిచినవాడి గొప్పలు మాత్రమే వేసి ఊరుకోలేదు. పుట నిండా సైనికుల శవాలు, చచ్చిన గుర్రాలు, నేలకొరిగిన తమవాళ్లూ ఉన్నారు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఏమస్ బ్యాడ్ హార్ట్ బుల్. దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌కు చెందిన ఓగ్లాలా శాఖ లకోటా. తండ్రి తెగ చరిత్రను భద్రపరిచినవాడు. ఏమస్ అమెరికా సైన్యంలో స్కౌట్‌గా (ముందు వెళ్లి ఆనవాళ్లు పట్టేవాడిగా) పనిచేసిన రోజుల్లో, నెబ్రాస్కాలోని క్రాఫర్డ్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పాత లెడ్జర్ కొన్నాడు. పెద్దల దగ్గర విన్నదంతా నాలుగువందలకు పైగా బొమ్మల్లో పెట్టాడు, పక్కన లకోటా భాషలో వివరాలు రాశాడు. లకోటాల పవిత్ర ఆచారమైన సూర్యనృత్యాన్ని అమెరికా ప్రభుత్వం 1883లో నిషేధించింది. అతను ఆ నృత్యాన్నీ గీశాడు. పేరుమోసిన ఓగ్లాలా యోధుడు క్రేజీ హార్స్‌ది అని నిర్ధారణ అయిన ఫొటో ఒక్కటీ లేదు. ఈ పుస్తకంలో మాత్రం ఒంటి నిండా వడగళ్లలా రంగు చుక్కలతో గుర్రం మీద కనిపిస్తాడు. 1877లో అతను చనిపోయిన తీరూ ఇందులో ఉంది.

ఏమస్ 1913లో చనిపోయాక పుస్తకం చెల్లెలు డాలీ ప్రెటీ క్లౌడ్‌కు చేరింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ విద్యార్థిని హెలెన్ బ్లిష్ ఆమెను అడిగి దాన్ని అధ్యయనం చేసింది. 1927లో పుటలన్నిటికీ ఫొటోలు తీయించారు. 1947లో డాలీ చనిపోయినప్పుడు పుస్తకాన్ని ఆమెతోపాటే సమాధి చేశారు. ఎంత నష్టం అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ అది ఆ ఇంటి పుస్తకం. ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు ఆ ఇంటిదే. 1967లో అచ్చయింది ఆ ఫొటోల నుంచే. ఒక్క పుటా విడిగా వేలానికి వెళ్లలేదు.