కెమెరా ముందుంది: ఒక హెచ్చరిక వెనుక నూట ఇరవై ఏళ్ల కథ

2024 ఆగస్టు 1 నుంచి కర్ణాటకలో ఏ రోడ్డు మీదైనా గంటకు 130 కిలోమీటర్లు దాటి వాహనం నడిపితే జరిమానాతో పోదు, ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. బెంగళూరు–మైసూరు రహదారి మీద వరుసగా జరిగిన మరణాల నుంచి పుట్టిన కట్టడి ఇది. 2023 మార్చిలో ప్రారంభమైన ఆ 118 కిలోమీటర్ల రోడ్డు కొద్ది నెలల్లోనే ఎన్నో ప్రాణాలు తీసింది. అదే ఏడాది ఆగస్టు నుంచి బైకులను, ఆటోలను, ట్రాక్టర్లను దాని ప్రధాన మార్గం మీదికి రానివ్వడం మానేశారు. ఆ తర్వాత నంబరు ప్లేటు చదివే కెమెరాలు వచ్చాయి. బెంగళూరు నగరంలో అవి 2022 డిసెంబరులోనే యాభై కూడళ్లలో మొదలయ్యాయి.

కెమెరాలతో పాటే మరొకటి పెరిగింది. మారతహళ్లి నుంచో కృష్ణరాజపురం నుంచో పండక్కి అనంతపురం, కడప, తిరుపతి బయలుదేరే తెలుగు కుటుంబాల కార్లలో ముందు స్పీడ్ కెమెరా ఉందని ఫోను చెప్పడం మామూలైపోయింది. దేవనహళ్లి దాటాక హైదరాబాద్ రోడ్డు మీద ఇది స్పష్టంగా కనబడుతుంది. కెమెరా స్తంభానికి కాస్త ముందు కార్లన్నీ ఒక్కసారిగా బ్రేకు వేస్తాయి. స్తంభం వెనకబడగానే మళ్లీ ఎప్పటి పరుగే. ఈ హెచ్చరిక చట్టం ఒప్పుకునేదేనా? ఒప్పుకున్నా, న్యాయమేనా? ఈ ప్రశ్న ఫోనుతో పుట్టినది కాదు. కారుతో పాటే పుట్టింది.

ఇంగ్లండులో 1903 నాటి మోటారు కారు చట్టం వేగానికి గంటకు 20 మైళ్ల హద్దు పెట్టింది. అంటే 32 కిలోమీటర్లు. అదే చట్టం డ్రైవరుకు ఒక రక్షణ కూడా ఇచ్చింది. వేగంగా వెళ్లాడని ఒక్క సాక్షి అభిప్రాయపడినంత మాత్రాన శిక్ష వేయకూడదు. దాంతో పోలీసులు వేగాన్ని కొలవక తప్పలేదు. రోడ్డు మీద కొంత దూరం గుర్తు పెట్టుకుని, పొదల చాటున స్టాప్‌వాచీలు పట్టుకుని కూర్చునేవారు. కార్లున్నవాళ్లు ఊరుకుంటారా? 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం పుట్టిందే ఈ మాటుల గురించి సభ్యులకు ముందే చెప్పడానికి. సైకిళ్ల మీద తిరిగే దాని మనుషులు వచ్చే కార్లకు సైగ చేసేవారు.

ఈ సైగ రెండుసార్లు కోర్టుకెక్కింది. 1907లో తీర్పు సైగ చేసినవారికి అనుకూలంగా వచ్చింది. హెచ్చరిక అందుకున్న కార్లు అప్పటికే హద్దు మీరి పోతున్నాయన్న రుజువు లేదు కాబట్టి పోలీసు విధికి ఆటంకం కలగలేదని కోర్టు భావించింది. 1910 నాటి లా రిపోర్టుల్లో కనిపించే బెట్స్ వర్సెస్ స్టీవెన్స్ కేసులో ఆ రుజువు ఉంది. హద్దు మీరుతున్నవాడు పట్టుబడకుండా కాపాడటం పోలీసు విధికి ఆటంకమేనని అక్కడ తేలింది. సంఘం వెంటనే పద్ధతి మార్చింది. దాని మనుషులు మామూలుగా ప్రతి సభ్యుడి కారుకూ సెల్యూట్ చేస్తారు. చేయకపోతే ఆగి కారణం కనుక్కోమని సభ్యులకు చెప్పి ఉంచింది. సైగ చేసినందుకు కేసు పెట్టవచ్చు కానీ, చేయనందుకు ఎలా పెడతారు?

నా దృష్టిలో ఈ వివాదమంతా ఆ రెండు తీర్పుల మధ్య ఉన్న సన్నని గీత మీదే నడుస్తోంది. జాగ్రత్తగా వెళ్లమని చెప్పడం వేరు, తప్పు చేస్తున్నవాడికి దాక్కునే చోటు చూపడం వేరు. పరికరం మారిందే తప్ప గీత మారలేదు.

పరికరాలు మాత్రం చాలా మారాయి. స్టాప్‌వాచీ పోయి, రేడియో తరంగాలతో వేగం కొలిచే రాడార్ వచ్చింది. గాట్సో పేరుతో ప్రపంచమంతా తెలిసిన కెమెరాను తయారుచేసిన డచ్ దేశస్థుడు మారిస్ గాట్సోనిడెస్ స్వయంగా ర్యాలీ డ్రైవరు. మలుపుల దగ్గర తన వేగాన్ని కొలుచుకుని ఇంకా వేగంగా వెళ్లడానికే ఆయన ఆ పని మొదలుపెట్టాడు. రాడార్ తరంగాలు చెదిరిపోతూ చాలా దూరం ముందుకు వస్తాయి. వాటిని పసిగట్టి కూతపెట్టే డబ్బాలే రాడార్ డిటెక్టర్లు. లేజర్ గన్ దగ్గర వాటి పప్పు ఉడకదు, ఎందుకంటే సన్నని ఆ కిరణం కారును తాకి అవి కూసేసరికి కొలత అయిపోతుంది. నంబరు ప్లేటును ఫొటో తీసే కెమెరా అసలు ఏ రాడార్ తరంగాన్నీ పంపనక్కర్లేదు.

చట్టాలు తలో దారి పట్టాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, రాజధాని వాషింగ్టన్ మామూలు కార్లలో కూడా డిటెక్టర్లను నిషేధించాయి. మిగతా చోట్ల అవి బహిరంగంగానే అమ్ముడవుతాయి. ఇంగ్లండులో 1998లో హైకోర్టు డిటెక్టరు వాడకం వైర్‌లెస్ చట్టం కింద నేరం కాదని చెప్పింది. వాటిని నిషేధించేందుకు 2006 రోడ్డు భద్రతా చట్టంలో అధికారమిచ్చినా అది అమలులోకి రాలేదు. జర్మనీలో డ్రైవరు వాటిని వాడితే 75 యూరోల జరిమానా. 2020 సవరణ ఫోన్లలోని యాప్‌లను కూడా అందులో చేర్చింది. ఫ్రాన్స్ 2012 జనవరిలో ఇలాంటి పరికరాలన్నిటినీ నిషేధించి, వాటి తయారీదారులకు ఒక మార్గం మిగిల్చింది. కెమెరా ఫలానా చోట ఉందని చెప్పకూడదు, ఇది ప్రమాదకరమైన మార్గమని చెప్పవచ్చు. ఆ మార్గం ఊళ్లలో 300 మీటర్లు, మోటారు రహదారి మీద 4 కిలోమీటర్లు ఉంటుంది. నాకు ఇది తెలివైన పని అనిపిస్తుంది. స్తంభం ఎక్కడుందో తెలియనివాడు ఆ నాలుగు కిలోమీటర్లూ నెమ్మదిగా పోక తప్పదు.

మన దగ్గరికి వద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 183వ సెక్షన్ అతివేగానికి శిక్ష చెబుతుంది. 2019 సవరణ తర్వాత కార్లకు అది 1,000 నుంచి 2,000 రూపాయలు. 1903 నాటి ఆ ఆంగ్ల రక్షణ కూడా అందులో భద్రంగా ఉంది. ఒక్క సాక్షి అభిప్రాయం చాలదు, దానికి పరికరం కొలత తోడుండాలి. ఇదే సవరణతో వచ్చిన 136ఏ సెక్షన్ ఎలక్ట్రానిక్ నిఘాకు పునాది వేసింది. 2021 ఆగస్టులో దానికి నియమాలు వచ్చాయి. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలని, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని అవి చెప్పాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, కెమెరా ఉన్నచోట ప్రజలకు తెలిసేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి.

కెమెరా ఎక్కడుందో జనానికి చెప్పమని చట్టమే ఆదేశిస్తోంది. అదే మాట ఫోను చెబితే నేరమని ఎలా అంటాం? పైగా మోటారు వాహనాల చట్టంలో హెచ్చరిక యాప్‌ను పేరుపెట్టి నిషేధించిన సెక్షన్ ఏదీ లేదు. సంకేతాలను చెడగొట్టే జామర్ సంగతి పూర్తిగా వేరు. అనుమతి లేకుండా అలాంటివి ఉంచుకోవడాన్ని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం శిక్షిస్తుంది. స్పీడ్ గన్‌తో నిలబడ్డ పోలీసుల గురించి పనిగట్టుకుని చెప్పేవారి మీద, ప్రభుత్వోద్యోగి విధికి ఆటంకం కలిగించారంటూ భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్‌ను ప్రయోగించాలని వాదించడానికి చోటుంది. అయితే 1910లో లాగే అక్కడా ఎవరి తప్పును దాచారన్నదే ప్రశ్న అవుతుంది.

ఎదురుగా వచ్చే లారీ రెండుసార్లు లైట్లు ఆర్పి వెలిగించడం కూడా ఈ కోవలోదే. దాన్ని నేను తేలిగ్గా తప్పుపట్టలేను. తనిఖీ అంటే రసీదు లేని వసూలేనని ఏళ్ల తరబడి చూసిన మనుషులు ఒకరినొకరు కాపాడుకోవడానికి నేర్చుకున్న భాష అది. తొందరపెట్టే యజమానుల సంగతీ చెప్పాలి. వేగ పరిమితి మీరితే తప్ప చేరలేనంత తక్కువ సమయం పెట్టి వాహనాన్ని పంపితే, పంపినవారే తప్పు చేసినట్టు ప్రాథమిక సాక్ష్యమవుతుందని అదే 183వ సెక్షన్ అంటోంది. విమానం అందుకోవాలని క్యాబ్ డ్రైవరును తరిమే మనం ఈ మాట ఒకసారి చదవాలి.

చట్టం సంగతి ఇంతే. నాకు మింగుడుపడనిది ఆ స్తంభం దాటాక జరిగేది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 71.2 శాతం మరణాలను కేంద్ర రవాణా శాఖ అతివేగం ఖాతాలో చూపింది. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. 80తో పోలిస్తే బ్రేకు వేశాక ఆగడానికి ఒకటిన్నర రెట్లకు పైగా దూరం కావాలి. 2023 అక్టోబరు 26 ఉదయం బాగేపల్లి వైపు నుంచి బెంగళూరు వస్తున్న టాటా సుమో చిక్కబళ్లాపురం దగ్గర పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకరును గుద్దుకుంది. పదిమందికి పైగా పోయారు. వారిలో కూలి పనికి వస్తున్న ఆంధ్ర వాళ్లున్నారు. దానికి వేగమే కారణమని నేననడం లేదు. కెమెరా ఉన్న చోటు ఫోనుకు తెలుస్తుంది, మంచులో ఆగిన ట్యాంకరు తెలియదు. కెమెరా మాట విని మాత్రమే కాలు బ్రేకు మీద పెట్టే అలవాటు పడితే, మిగతా దారంతా ఎవరి కళ్లను నమ్ముకుని నడుపుతున్నట్టు?

ఈ ఆటకు కొంతవరకు తెరదించే పద్ధతి ఒకటుంది. పది కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెట్టి, మొదటిదాన్ని దాటిన సమయాన్నీ రెండోదాన్ని దాటిన సమయాన్నీ పోల్చి సగటు వేగం లెక్కగట్టడం. పరిమితి 100 అయితే ఆ దూరానికి ఆరు నిమిషాలు పట్టాలి. అయిదు నిమిషాల్లో చేరినవాడు సగటున 120లో వచ్చాడు, కెమెరాల దగ్గర ఎంత బుద్ధిగా బ్రేకు వేసినా సరే. స్టాప్‌వాచీతో పొదల చాటున కూర్చున్న పోలీసులు చేసినదీ ఈ లెక్కే. ఇప్పుడు దాక్కోనక్కర్లేదు. మొదటి కెమెరాకు ముందు, ఇక్కడి నుంచి పది కిలోమీటర్లు నిఘా ఉందని కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టవచ్చు. బాగేపల్లి దారిలో ఆ బోర్డు చూడాలని నా కోరిక.